బ్రేకు ఏ కాలి కింద

నా భర్తకి పక్కచూపు పోయిన సంగతి మాకు మొదట బెంజ్ సర్కిల్ దగ్గర తెలిసింది. పొద్దున తొమ్మిదింటి వేళ. ఫ్లైఓవర్ కింద పచ్చ సిగ్నల్ పడగానే ఆయన బండి ముందుకు తీశారు. నేను వెనక కూర్చుని ఉన్నాను. కుడివైపు నుంచి ఒక సిటీ బస్సు ఇంకా ఆగకుండా వస్తోంది. ఆయన చూసే ఉంటారనుకున్నాను. తల తిప్పకపోయేసరికి ఆయన భుజం పట్టుకుని వెనక్కి గుంజాను. బండి ఆగింది. బస్సు మా ముందు చక్రానికి మూరెడు దూరంలోంచి పోయింది. దాని గాలికి నా చున్నీ ఎగిరి మొహం మీద పడింది.

"ఎక్కణ్ణుంచి వచ్చింది ఇది?" అన్నారాయన. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగారు.

నేను ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. జబ్బుల పేర్లు నాకు కొత్త కాదు. అయినా కంటి డాక్టరు నీటికాసులు, అంటే గ్లాకోమా అని చెప్పినప్పుడు కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే బిగుసుకుపోయాను. పరీక్ష చేసి ఇచ్చిన కాగితం మీద చుట్టూ నలుపు, మధ్యలో ఒక చిన్న తెల్లటి భాగం. ఆయనకి లోకం ఇప్పుడు ఆ తెల్లటి భాగం మేరకే కనిపిస్తుందని డాక్టరు చెప్పారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేసుకోవాలి, బండి మాత్రం ఇక నడపకూడదు అన్నారు.

ఆయన ఇరవై రెండేళ్ళు మెడికల్ రెప్రజెంటేటివ్‌గా పనిచేశారు. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, కృష్ణ దాటి రేపల్లె దాకా బండి మీదే తిరిగారు. ఏ కల్వర్టు దగ్గర గొయ్యి ఉందో, ఏ మలుపులో గేదెలు అడ్డొస్తాయో చెప్పగలిగే మనిషి. డాక్టరు మాట విన్న వారంలోనే బండిని తనే బేరం పెట్టి అమ్మేశారు. కంపెనీ వాళ్ళు మంచివాళ్ళు, గవర్నర్‌పేటలో ఆఫీసు పని ఇచ్చారు. మేముండేది కంకిపాడులో. అప్పటి నుంచి రోజూ నా స్కూటర్ మీద ఆయన్ని గవర్నర్‌పేటలో దింపి నేను ఆసుపత్రికి వెళ్ళడం, సాయంత్రం ఎక్కించుకుని రావడం. అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ రెండేళ్ళూ ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. పోట్లాడింది కూడా లేదు. అడిగితే జవాబు చెప్పేవారు, అంతే. చర్చిలో మగవాళ్ళ వైపు ఆయన గొంతు అందరికంటే గట్టిగా వినిపించేది. అది ఆగిపోయింది. పాటల పుస్తకం అక్షరాలు కనబడకపోవడమే కారణమైతే పెద్ద అక్షరాలది తెచ్చిచ్చేదాన్ని. కానీ ఆయనకి అన్ని పాటలూ నోటికి వచ్చు.

ఒక సాయంత్రం చూస్తే, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని పాత మోటార్‌సైకిళ్ళ వీడియోలు చూస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో నాతో అనేవారు, ఉద్యోగం అయిపోయాక పాత బండి ఒకటి కొనుక్కుని నెలకో ఊరు తిరుగుదామని. క్రిస్మస్ అయ్యాక మూడు నాలుగు రోజులు సెలవు పెట్టి మేము బండి మీదే అరకు, శ్రీశైలం, భద్రాచలం వెళ్ళొచ్చిన రోజులున్నాయి. నేను ఆయన పక్కన కూర్చుని, "కొందామండీ, నేను నడుపుతాను," అన్నాను.

ధైర్యం చేసి అన్నానని చుట్టాలు తర్వాత చెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే భయపడే అన్నాను. ఆ మౌనం చూసి నాకు భయం వేసింది. ఇంట్లో ఇంకో పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఇలాగే ఉంటుందేమోనని.

ఆయన నవ్వులాట అనుకున్నారు. నాకు గేర్ల బండి రాకేం కాదు. మా నాన్న పాస్టరు. నాకు పదహారేళ్ళప్పుడు చర్చి ఆవరణలో తన బండి మీద నేర్పారు. దూరం ప్రయాణాల్లో మా ఆయన అలిసిపోయినప్పుడు ఖాళీ రోడ్డు మీద ఇరవై ముప్పై కిలోమీటర్లు నేనే నడిపేదాన్ని. ఎడమ కాలు గేరు, కుడి కాలు బ్రేకు. ముప్పై ఏళ్ళుగా నా కాళ్ళకి తెలిసింది అదే.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అన్నీ బండి మాటలే. రోజూ బెజవాడ వెళ్ళి రావడానికి పనికి రావాలి, అంటే పొద్దున్నే పేచీ పెట్టకుండా స్టార్టవ్వాలి. పాతదైనా ఆటోనగర్‌లో స్పేర్లు దొరికేదై ఉండాలి. సీటు వెడల్పుగా ఉంటే దూరాలు పోయినా నడుం పట్టేయదు. కాగితాలు సరిగ్గా ఉండాలి. ఇలా ఆయన చెబుతుంటే నేను వినేదాన్ని. ఎన్ని చెప్పినా ఆయన మనసు ఒకటే బండి మీద ఉందని నాకు తెలుసు. మూడొందల యాభై సీసీ, ఒకటే సిలిండరు, దూరం నుంచే గుండె చప్పుడులా వినిపించే ఆ పాత బరువైన బండి.

కంకిపాడు అవతల ఒక పల్లెలో అలాంటిది అమ్మకానికి ఉందని ఆయన పాత డాక్టరు స్నేహితుడొకాయన చెప్పారు. డిసెంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక స్కూటర్ మీద వెళ్ళాం. యజమాని డెబ్భై దాటిన రైతు. వసారాలో దుప్పటి కప్పి ఉంచారు బండిని. దుప్పటి తీస్తే నల్లగా, ఎక్కడా గీత లేకుండా ఉంది. ఆయన దాన్ని పెళ్ళయిన ఏడాది కొన్నారట. మోకాళ్ళు అరిగి కిక్కు కొట్టలేకపోతున్నందుకే ఇస్తున్నానని చెప్పారు. మా ఆయన బండి చుట్టూ తిరుగుతూ చేత్తో తడిమి చూశారు. ట్యాంకు, సీటు, ఇంజిన్ రెక్కలు, గొలుసు. తర్వాత కిక్కు కొట్టి, తల వంచి విన్నారు. ఆ మొహంలో రెండేళ్ళుగా నేను చూడని వెలుగు వచ్చింది.

"ఎవరు నడుపుతారండీ?" అని రైతు గారు అడిగారు. నేనని చెప్పగానే ఆయన నావైపు, నా కాళ్ళవైపు చూశారు.

"అమ్మా, ఇది పాత పద్ధతి బండి. కుడి కాలు గేరు, ఎడమ కాలు బ్రేకు. ఇప్పటి బళ్ళకి తిరగేసి ఉంటది. ముందు మెల్లగా మా వీధిలో రెండు చుట్లు కొట్టండి."

రెండు చుట్లు కొట్టాను. బరువుగా ఉంది కానీ కదిలాక నిలకడగా పోతోంది. మనసులో కుడి గేరు, ఎడమ బ్రేకు అనుకుంటూ నడిపితే కాళ్ళు చెప్పినట్టు వింటున్నాయి. మూడో చుట్టుకి మా ఆయన వెనక ఎక్కారు. కాలవ కట్ట మీద కొంచెం దూరం పోయి వద్దాం, ఇద్దరి బరువుతో ఎలా లాగుతుందో చూడాలి అన్నారు.

కట్ట మీద రోడ్డు ఒక కారు పట్టేంత వెడల్పు. ఎడమ పక్క కాలవ నిండుగా పారుతోంది. కుడి పక్క కోతలైపోయిన మాగాణి, అక్కడక్కడ కుప్పలు. ఆయన నా చెవి దగ్గరకు వంగి మాట్లాడుతూనే ఉన్నారు. ఈ చప్పుడుని బట్టి ఎంత స్పీడులో ఉన్నావో చెప్పగలను, ఇప్పుడు నలభై, అవునా కాదా అన్నారు. మీటరు చూస్తే నలభైకి ఒక గీత పైన ఉంది. అవునన్నాను. సంక్రాంతి లోపే పులిగడ్డ వారధి మీదుగా రేపల్లె వెళ్దామన్నారు. ఆ గొంతులో హుషారు విని నేను కాళ్ళ సంగతి మర్చిపోయాను.

మలుపు తిరగగానే ఎదురుగా గడ్డి ట్రాక్టరు. ట్రక్కు మీద రెండు పక్కలా బయటికి పొంగి, రోడ్డు మొత్తం ఆక్రమించిన వరిగడ్డి. డ్రైవరు ఒక మూలకి కూర్చున్నట్టు కనిపించాడు. మధ్యలో ఉన్న దూరం ఇరవై గజాలు కూడా ఉండదు.

కుడి కాలితో గట్టిగా తొక్కాను.

కాలి కింద గేరు పడింది. బండి ఆగలేదు. ఒక్క కుదుపు కుదిపి, పై గేరులో మెత్తగా ముందుకు పోయింది. నా కాలు మళ్ళీ అక్కడే తొక్కింది. తప్పని తెలుస్తూనే ఉంది, అయినా కాలు అక్కణ్ణుంచి కదల్లేదు. ఎడమ కాలు ఉన్న సంగతే గుర్తు రాలేదు. చేతి బ్రేకు ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. రోడ్డు మీద రాలిన గడ్డి మీద ముందు చక్రం ఎడమకి జారింది. ఇంజిన్ గొణిగి ఆగిపోయింది. బండి ఒరుగుతోంది, నా ఎడమ కాలు కింద పెడితే నేల పల్లంగా ఉంది. బరువంతా నా మోకాలి మీదకి వస్తున్న ఆ క్షణంలో మా ఆయన రెండు కాళ్ళూ కింద మోపి బండిని నిలబెట్టారు. ఎన్నో ఏళ్ళ అలవాటు.

గడ్డి మా భుజాలకి రాసుకుంటూ ట్రాక్టరు వెళ్ళిపోయింది. నేను కిందకి చూశాను. ముందు చక్రానికీ కట్ట అంచుకీ మధ్య జానెడు నేల ఉంది. ఆ కింద నిటారుగా నీళ్ళు.

"దారిచ్చావా? మంచి పని చేశావు. గడ్డి బళ్ళతో పంతం పెట్టుకోకూడదు," అన్నారాయన.

ఆయనకి తెలియలేదు. ట్రాక్టరు చప్పుడు విన్నారు, నేను కావాలని పక్కకి తీసి ఆపానని అనుకున్నారు. ఇంతలో ఆయన, ఉండు నేను కిక్కు కొడతాను అంటూ దిగబోయారు. ఎడమ కాలి మీద బరువు వేసి, కుడి కాలు సీటు మీదుగా తిప్పుతున్నారు. దిగబోయేది కాలవ వైపే. కాళ్ళ కింద ఏముందో ఆయనకి కనబడదు. తల వంచి వెతికి చూస్తే తప్ప తెలియదు, వెతకాలన్న అనుమానం కూడా ఆయనకి లేదు.

"అటు దిగకండి," అన్నాను.

"ఏం?"

"బురదగా ఉంది. చెప్పులు పాడైపోతాయి. ఇటు దిగండి."

ఆయన మళ్ళీ కూర్చుని, కుడివైపు నుంచి దిగారు. బండిని రోడ్డు మధ్యకి లాగాక కిక్కు కొట్టారు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. అది చూసి ఆయన ఎంత సంతోషపడ్డారో. తిరిగి వచ్చేటప్పుడు నేను మొదటి గేరు దాటలేదు. రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ వచ్చాను. ఇంజిన్ వేడెక్కిపోతుంది, గేరు వెయ్యి అని ఆయన రెండుసార్లు అన్నారు.

రైతు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మా ఆయన లోపలికి మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు నా దగ్గరకి వచ్చి, కాలు తడబడిందా అమ్మా అని మెల్లగా అడిగారు. లేదండీ అన్నాను. నేను బయట ఉండగానే మా ఆయన వచ్చే ఆదివారం వచ్చి బండి తీసుకెళ్తామని ఆ ఇంటావిడకి చెప్పేశారు.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. స్కూటర్‌కి కాలి బ్రేకే లేదు. అయినా పటమట దగ్గర ఆటో అడ్డొచ్చిన ప్రతిసారీ నా కుడి కాలు ఫుట్‌బోర్డు మీద బలంగా నొక్కేది. ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తకణాలు లెక్కపెడుతుంటే బల్ల కింద అదే కాలు తొక్కేది. ప్రతిరోజూ ఒక్కసారైనా, ఆయన కాలవ వైపు కాలు దింపుతున్నట్టు కళ్ళ ముందు కదిలేది. పక్కన పనిచేసే అమ్మాయి, ఏంటి మేడం, చలేస్తోందా అని అడిగింది.

ఇంట్లో మాత్రం పండగలా ఉంది. ఆయన పాత హెల్మెట్ తీసి కడిగారు. అల్మారా పైనుంచి ప్రయాణాల సంచులు దింపారు. బుధవారం వంటింట్లో కాఫీ కలుపుతూ పాట పాడారు. రెండేళ్ళ తర్వాత విన్నాను ఆ గొంతు. స్టవ్ దగ్గరే నిలబడిపోయాను. ఎలా చెప్పను? చెబితే ఈ పాట ఆగిపోతుంది. చెప్పకపోతే ఆదివారం ఆ బండి మా ఇంటికొస్తుంది, సోమవారం పొద్దున ఆయన్ని వెనక ఎక్కించుకుని ఆ బండి మీద బెంజ్ సర్కిల్ దాటాలి.

గురువారం సెలవు అడిగి ఒక్కదాన్నే ఆటోనగర్ వెళ్ళాను. మా ఆయన పాత బండిని ఏళ్ళ తరబడి చూసిన మెకానిక్ అక్కడ ఉన్నాడు. యాభై ఐదేళ్ళుంటాయి, పాత బళ్ళంటే ప్రాణం. కుడి గేరుని ఎడమకి మార్చి, బ్రేకుని కుడికి తేవడం కుదురుతుందా అని అడిగాను. జరిగిందంతా చెప్పాను. కాలవ సంగతి కూడా. ఎవరికీ చెప్పనిది ఆ గ్రీజు వాసనలో, స్టూలు మీద కూర్చుని అతనికి చెప్పేశాను. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

కుదురుతుందట. అడ్డంగా ఒక రాడ్డు వేసి కలుపుతారట. కానీ కొన్నాళ్ళకి అది వదులైపోయి గేరు సరిగ్గా పడదట, బ్రేకు కూడా మెత్తబడుతుందట. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని రోజూ తిరిగే బండికి ఆ పని తను చెయ్యనని చెప్పాడు.

"నెల రోజులు నడిపితే అలవాటైపోద్ది కదా?" అన్నాను. అవునంటాడేమోనని ఆశ.

"మామూలప్పుడు అలవాటైపోద్ది మేడం. భయం వేసినప్పుడు మాత్రం కాలు పాత చోటికే పోద్ది. నేను చూశాను అలా పడినోళ్ళని."

తర్వాత అతను షెడ్డు వెనక నుంచి ఇంకో బండి తోసుకుని వచ్చాడు. నూట డెబ్భై ఐదు సీసీ, టూ స్ట్రోక్. చిన్నప్పుడు మా వీధిలో పాలవాళ్ళు రెండు పక్కలా క్యాన్లు వేలాడదీసుకుని తిరిగిన బండి. దాన్ని అతనే విప్పి, సిలిండరు బోరు చేయించి, మళ్ళీ బిగించాడట. గేరు ఎడమ, బ్రేకు కుడి. స్టాండు తీసి నిలబెట్టుకుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాయి. షెడ్ల మధ్య సందుల్లో నడిపి చూడమన్నాడు. లారీలు వెనక్కి వస్తున్నాయి, వెల్డింగు నిప్పురవ్వలు రోడ్డు దాకా ఎగురుతున్నాయి. ఒకచోట ఇనుప రేకులు మోసే రిక్షా ఒకటి సందులోంచి ఒక్కసారిగా బయటికొచ్చింది. తొక్కాను. బండి ఆగింది. రిక్షా అతను నన్ను తిట్టుకుంటూ పోయాడు. నేను అక్కడే కాసేపు ఆగిపోయి, నా కుడి కాలిని చూసుకున్నాను.

శనివారం సాయంత్రం ఆయనకి చెప్పాను. బాల్కనీలో కూర్చున్నారు. మర్నాడు తేవలసిన బండి కోసం కింద పార్కింగులో ఏ మూల ఖాళీ చేయించాలో చెబుతున్నారు. మధ్యలో ఆపి, కట్ట మీద నేను కావాలని ఆగలేదు, కాలు గేరు మీద పడింది అన్నాను. కుక్కర్ విజిల్ వచ్చినా లేవలేదు నేను.

"అంచుకి ఎంత దూరంలో ఆగాం?"

చేత్తో చూపించబోయాను. చీకటి పడుతోంది, ఆ వెలుతురులో నా చెయ్యి ఆయనకి ఆనదు. ఆయన అరచెయ్యి నా ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా చాపి పట్టుకున్నాను. ఇంతే అన్నాను.

"నేను దిగబోయినప్పుడు బురద అన్నావు."

"బురద లేదండీ."

ఆయన చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. అది మెల్లగా చల్లబడడం నాకు తెలుస్తోంది. "మంచి పని చేశావన్నాను నేను," అన్నారు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఓదార్చలేదు. తన మాట తను చెప్పడం మొదలుపెట్టారు. రెండేళ్ళుగా స్కూటర్ వెనక కూర్చుని రోజూ భయపడుతున్నారట. మలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, నేను ఎందుకు బ్రేకు వేశానో తెలియదు, ఏ పక్క నుంచి ఏది మీదకొస్తుందో తెలియదు. పెనమలూరు దాటితే కళ్ళు మూసుకుని కీర్తన అనుకుంటారట లోపల్లోపల. నాకు చెబితే నా చేతులు వణుకుతాయని చెప్పలేదట. ఆ పెద్ద బండి చప్పుడైతే స్పీడు తెలుస్తుంది, ఏం జరుగుతోందో కొంచెమైనా తెలుస్తుంది, అందుకే అంత పట్టుబట్టానన్నారు. నేను అనుకున్నది వేరు. ఆయన కోరిక అనుకున్నాను, వయసులో ఉన్నప్పటి సరదా అనుకున్నాను. ఆయన భయం అని నాకు తట్టలేదు.

ఆటోనగర్ బండి గురించి చెప్పాను. "పాలవాళ్ళ బండా," అని ఊరుకున్నారు. ఆ రాత్రి ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయనే రైతు గారికి ఫోను చేశారు. బండిలో ఏ లోపమూ లేదు, మా ఇంటావిడ కాలికి అలవాటు లేదు, మాటిచ్చి తప్పుతున్నందుకు క్షమించండి అన్నారు. ఆయన స్పీకరు పెట్టడంతో నాకూ వినిపించింది అవతలి గొంతు.

"క్షమించడమేంటండీ. అమ్మాయి మొహం చూసి నేను ఆ రోజు నుంచి నిద్రపోలేదు. మీ ముందు చెబితే ఆవిడ నొచ్చుకుంటదేమోనని ఆగాను. మా అబ్బాయి కొత్త బండి నాలుగు రోజులు నడిపి మళ్ళీ దీని మీదెక్కి నేనే ఒకసారి గోడకి కొట్టాను."

సోమవారం సాయంత్రం గవర్నర్‌పేట నుంచి ఆటోనగర్ వెళ్ళాం. మా ఆయన ఆ చిన్న బండిని కూడా తడిమి చూశారు, స్టార్టు చేయించి విన్నారు. మొహంలో నిరాశ దాచుకోలేదు. టూ స్ట్రోక్ మోత, పొగ, ఆయిలు వాసన. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ పట్టి ఆపదు, బ్రేకు మీదే ఆధారపడాలి, ముందే చూసుకుని తగ్గించాలి అని నాకు హెచ్చరికగా చెప్పారు. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో మెకానిక్‌తో వాదించారు. చివరికి వెనక ఎక్కి కూర్చుని, "పోనీ," అన్నారు.

ఆ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఆటోనగర్ నుంచి కంకిపాడు దాకా ఆ బండి మీద రావడం నా జీవితంలో అన్నిటికంటే పొడుగైన ప్రయాణం. స్కూటర్ని షెడ్డులోనే వదిలి, బయలుదేరే ముందు ఒక ఒప్పందం చేసుకున్నాం. నాకు కనిపించేదంతా నేను పైకి చెప్పాలి, చెప్పకుండా బ్రేకు వెయ్యకూడదు. అలాగే చెప్పుకుంటూ వచ్చాను. ఎడమకి బస్సు. ముందు ఆటో ఆగింది, ఆపుతున్నాను. సిగ్నల్ పడింది, కదులుతున్నాను. గొయ్యి, పట్టుకోండి. పక్క బండ్ల వాళ్ళు నాకు మతి చలించిందేమోనని చూశారు. పెనమలూరు వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. ఆయన చేతులు నా నడుముని పట్టుకున్న పట్టు మాత్రం అక్కడికి వచ్చేసరికి కాస్త సడలింది.

ఇద్దరం ఆ బండికి అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. రోజూ దాని మీదే పనికి వెళ్ళాం. రెండుసార్లు మొరాయించింది, ఒకసారి వానలో తోసుకుని వచ్చాం. మార్చిలో ఒక శనివారం తెల్లవారాక రేపల్లెకి బయలుదేరాం. నలభై ఐదు దాటకుండా పామర్రు, చల్లపల్లి మీదుగా పోయి పులిగడ్డ వారధి ఎక్కాం.

వారధి సగం దాటాక నది మీది గాలి అడ్డంగా కొట్టడం మొదలుపెట్టింది. బండి తేలిక కదా, పక్కకి నెట్టేస్తోంది. పిట్టగోడ నడుం ఎత్తున ఉన్నా నాకు కనిపించింది దాని అవతలి నీళ్ళే. చెబుతూ ఉండాలన్న సంగతి మర్చిపోయాను. సరిగ్గా అప్పుడే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బండి పిట్టగోడ పక్కకి చేరింది. వెనక నుంచి వచ్చిన లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని ఊపేస్తూ పోయింది. నేను హ్యాండిల్ వదల్లేక, దిగలేక అలాగే ఉండిపోయాను.

"ఎటు దిగాలి?" అన్నారాయన.

"కుడి పక్క లారీలు. ఎడమకి దిగండి. గోడ ఉంది, రెండడుగుల జాగా ఉంది. నేల గట్టిగానే ఉంది."

ఆయన నేను చెప్పినట్టే దిగారు. కాలితో ముందు నేలని తట్టి చూసుకుని అప్పుడు బరువు వేశారు. ప్లగ్గు నల్లబడి ఉంటుందన్నారు. సంచిలోంచి కొత్త ప్లగ్గు, పానా తీసిచ్చాను. గోడకి ఆనుకుని మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో వెతుక్కుంటూ పాతది విప్పి, కొత్తది చేత్తో తిప్పి బిగించారు. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను ఆయన వెనక నిలబడి, వచ్చే ప్రతి లారీనీ దూరం నుంచే చెబుతూ ఉన్నాను. పానా ఒకసారి జారిపడితే తీసి ఆయన చేతికిచ్చాను.

రెండో కిక్కుకి స్టార్టయింది. మిగతా సగం వారధి పాతికలో దాటాం. అవతల ఒడ్డున మొదటి టీ కొట్టు దగ్గర ఆపాను కానీ స్టాండు వెయ్యలేకపోయాను. కొట్టావిడ పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. ఎక్కణ్ణుంచమ్మా అంటే కంకిపాడు అన్నాను. దీని మీదేనా అని మళ్ళీ అడిగింది. మా ఆయన బెంచీ అంచు తడుముకుని కూర్చుని, తిరుగు ప్రయాణం ఇదే వారధి మీదా, లేక పైకి పోయి ప్రకాశం బ్యారేజీ మీద నుంచి ఇంటికి చేరదామా అని నన్నడిగారు. బ్యారేజీ అయితే చాలా చుట్టు. గాలి తగ్గే దాకా కూర్చుందాం, తర్వాత చెబుతాను అన్నాను. రెండు టీలు తాగాం. మధ్యాహ్నానికి గాలి కాస్త తగ్గింది. వారధి మీదుగానే వచ్చాం, ఈసారి మొదటి నుంచి చివరి దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను.